డాష్ మాస్టారి ఎడంచేతి వ్యాసం

ఏంటమ్మాయ్, సెలవు రోజు కూడా ఇంత కట్ట వెంటేసుకొచ్చావ్? కాంపోజిషన్ పుస్తకాలా? ఇలా కూర్చో, ఈ కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది. ఆగాగు, నాకు చూపించక్కర్లేదు, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో. చూడకుండానే మొదటి ముక్క చెప్తాను. "మానవుడు సంఘజీవి." ఉందా? ఉంటుంది, ఎక్కడికి పోతుంది! ఎన్నిట్లో? ముప్ఫై ఒకటిలోనా? చూశావా మరి. నేను రిటైరై ఇరవై రెండేళ్ళయింది, ఆ వాక్యం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. నవ్వకు. నువ్వడిగావు కదా మొన్న ఫోన్‌లో, తాతయ్యా, పిల్లల చేత సొంతంగా నాలుగు ముక్కలు రాయించడం ఎలా అని. నన్నడగడమంటే దొంగ చేతికి తాళాలివ్వడమే తల్లీ. మూడు తరాల పిల్లల్ని వాళ్ళంతట వాళ్ళు ఒక్క వాక్యం రాయకుండా కాపాడిన వాణ్ణి నేను. అడగాల్సింది ఇంకొకావిణ్ణి. ఆవిడ లేదు. పోయి చాలాకాలమైంది.

అసలు మా రోజుల్లో ఎలా ఉండేదో చెప్తాను, అప్పుడు గాని నీకు ఆవిడ సంగతి అర్థం కాదు. నాకో నల్లట్ట నోటుపుస్తకం ఉండేది. అందులో ముప్ఫై ఆరు వ్యాసాలు. బడి తెరిచిన వారం మొదటిది, పరీక్షల ముందు వారం ముప్ఫై ఆరోది. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని చెప్పుకుపోయేవాణ్ణి, కామాలూ పుల్‌స్టాపులతో సహా. వాళ్ళు రాసుకునేవాళ్ళు, బట్టీ కొట్టేవాళ్ళు, పరీక్షలో కక్కేవాళ్ళు. నూటికి నూరు మంది పాస్. అందులో నా తెలివేంటంటే, ఒకే వ్యాసం పది రకాలకి పనికొచ్చేట్టు కుట్టి పెట్టాను. "నాకు నచ్చిన వ్యక్తి" అనిచ్చారనుకో, "మా డాష్ గారు ఉదయాన్నే నిద్రలేస్తారు. డాష్ గారి మనసు వెన్న. డాష్ గారు లేనిదే మాకు రోజు గడవదనడంలో ఎంతమాత్రం అతిశయోక్తి లేదు." ఆ డాష్ ఉన్నచోట అమ్మ కావాలంటే అమ్మ, నాన్న కావాలంటే నాన్న, డాక్టరు కావాలంటే డాక్టరు. బాగుంది కదూ? ఒక ఏడాది పెద్ద పరీక్షలో ఒకమ్మాయి రెండు పేజీల నిండా "మా డాష్ గారు, మా డాష్ గారు" అనే రాసొచ్చింది. అక్షరాలా డాష్ అని! పేపరు దిద్దినాయన ఎవరో గాని, ఎవరో పెద్దమనిషి ఇంటిపేరనుకున్నట్టున్నాడు, పదికి ఎనిమిది వేశాడు. అప్పట్నుంచీ బడంతా నన్ను డాష్ మాస్టారనే వాళ్ళు. సిగ్గుపడ్డాననుకున్నావా? ఆ రెండు మార్కులు ఎందుకు తగ్గించాడా అని వారం రోజులు మథనపడ్డాను.

ఆఁ, ఆవిడ సంగతి కదా. మాతో పనిచేసే ఒక టీచరు పురుటి సెలవు మీద వెళ్తే ఆ ఖాళీలో వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. మనిషి పీలగా ఉండేది, చెప్పుల చప్పుడు కూడా వినపడనంత మెల్లగా నడిచేది. స్టాఫ్‌రూమ్‌లో ఒక పొడుగు బల్ల, దాని చుట్టూ మా కుర్చీలు, అందులో ఒక కుర్చీకి ఒక కాలు పొట్టి. కొత్తగా వచ్చినవాళ్ళకి అదే ఇచ్చేవాళ్ళం, తూలి పడబోతే నవ్వుకోడానికి. ఆవిడ కూర్చుంది, తూలింది, లేచి కిందికి చూసి, పాత హాజరుపట్టీ అట్టని నాలుగు మడతలు పెట్టి కాలి కింద దోపి మళ్ళీ కూర్చుంది. మాకు నవ్వే ఛాన్సు పోయింది. నేను పెద్దమనిషి తరహాలో నా నల్లట్ట పుస్తకం తీసి, "అమ్మా, మీరు కొత్త, ఇది తీసుకెళ్ళి చెప్పేయండి, కడుపులో చల్ల కదలకుండా ఏడాది గడిచిపోతుంది" అన్నాను. రెండు రోజులుంచుకుని తిరిగిచ్చింది. "చాలా పొందిగ్గా ఉన్నాయి మాస్టారూ. కానీ ఇవన్నీ ఎవరివి?" అంది. "నావే" అన్నాను. "ఓహో" అంది. ఆ "ఓహో" అప్పుడు నాకు అర్థం కాలేదులే.

ఆవిడ క్లాసుకి వెళ్తే వినపడేది ఒకటే మాట. "ఇంకా?" అంతే. పిల్లలకి ఏదో విషయం ఇచ్చేది, వాళ్ళు రాసి తెచ్చేవాళ్ళు, చదివి "ఇంకా?" అనేది. పుస్తకంలో కూడా పక్కన పెన్సిల్‌తో అదే మాట. ఎర్రసిరా ముట్టేది కాదు, మార్కులు లేవు, టిక్కు లేదు. పిల్లలు వారానికల్లా "ఇంకా టీచర్" అని పేరు పెట్టేశారు. ఒకసారి నా క్లాసు పక్క గదిలోనే జరుగుతోంది, మధ్యలో గోడ సగమే కదా, వినపడుతోంది. వర్షం మీద వ్యాసం. కళ్ళజోడు పిల్ల ఒకతి లేచి నా పాఠమే అప్పజెప్పింది, "వర్షం ప్రకృతి మనకిచ్చిన వరప్రసాదం" అని. "ఇంకా?" "వర్షం వల్ల పంటలు పండును." "ఇంకా?" ఆ పిల్ల బిక్కమొహం వేసినట్టుంది. నేనిటు నా క్లాసులో చెప్పడం ఆపేసి చెవి అటు పడేశాను. అప్పుడా పిల్ల, గొంతు మార్చి, అదేదో తప్పు ఒప్పుకుంటున్నట్టు, "వర్షం వస్తే మా ఇంట్లో వంటకి గిన్నెలుండవు టీచర్, అన్నీ కారే చోట పెట్టేస్తాం" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "అది రాసుకో. అది నీదే" అంది. ఆ "నీదే" అన్న మాట కోసం పిల్లలు పడిచచ్చేవాళ్ళు తెలుసా? పెన్సిల్‌తో ఒక వాక్యం కింద గీత గీసి పక్కన "నీదే" అని రాసేది. మొదటి నెలలో నలభై పుస్తకాల్లో కలిపి మూడే మూడు. వాటిని పిల్లలు ఇంటికి తీసుకెళ్ళి చూపించుకునేవాళ్ళు, నూటికి తొంభై వచ్చినట్టు.

ఎక్కడ నేర్చుకున్నారమ్మా ఈ పద్ధతి అని అడిగాను ఓ రోజు టీ తాగుతూ, కొంచెం వెటకారంగానే. ఆవిడకి వెటకారం తగిలేది కాదు, అదొక జబ్బు. అంతకుముందు ఆస్పత్రిలో పనిచేసిందట. రాయడం రాని రోగులకి ఉత్తరాలు రాసిపెట్టే పని. "ఏం రాయమంటారు అంటే అందరూ ఒకటే చెప్తారు మాస్టారూ, నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను అని. కాలు తీసేసిన మనిషి కూడా నేను క్షేమం అనే చెప్తాడు. అది రాసేసి, ఇంకా అంటాను. అందరూ బాగున్నారా అంటాడు. అదీ రాసి, ఇంకా అంటాను. మూడోసారికి, నా చెప్పులు రెండూ పారేయమను, ఒకటి చూస్తే ఏడుపొస్తుంది అంటాడు. ఉత్తరమంటే అది. మొదటి రెండూ లోకం మాటలు, మూడోది మనిషిది" అంది. ఎర్రసిరా ఎందుకు వాడరంటే జ్వరం చార్టు గుర్తొస్తుందట. ఆ పూటే ఇంకో మాట కూడా చెప్పింది. ఆస్పత్రిలో ఆ పని తీసేశారని, ఇక్కడ ఏడాది చివర్లో బడి కమిటీవాళ్ళు పర్మనెంటు చేస్తారంటున్నారని, అయితే బాగుండు మాస్టారూ అని. నాతోనే చెప్పింది. పెద్దవాణ్ణి కదా అని.

నువ్వు టీ తాగుతావా? సరే, తర్వాత. ఏం చెప్తున్నాను? ఆఁ, నాకు మండడం మొదలైంది. ఎందుకు మండాలి చెప్పు? నా ముప్ఫై ఆరింటికీ ఏం లోటు రాలేదు. కానీ విరామం గంట కొడితే పిల్లలు నా బల్ల దగ్గర ఉండేవాళ్ళు అంతకుముందు, సార్ ఈ ముక్క ఇంకోసారి చెప్పండి, సార్ కామా ఎక్కడ అని. అది తగ్గింది. ఆవిడ పొట్టికాలు కుర్చీ చుట్టూ ఈగల్లా మూగేవాళ్ళు. పోనీలే అనుకున్నా. ఇంతలో ఏమైందంటే మీ అత్త, అదే నా కూతురు, అప్పుడు దానికి పద్నాలుగేళ్ళు, ఆవిడ క్లాసులోనే ఉంది. ఒక సాయంత్రం పుస్తకం భోజనాల బల్ల మీద వదిలేసి బయటికెళ్ళింది. తీసి చూశాను. "మా నాన్న" అని వ్యాసం. మన డాష్ వ్యాసమే ఉంటుంది, తప్పులు దిద్దుదాం అని పెన్ను కూడా తీశాను. దాంట్లో ఏముందో తెలుసా? "మా నాన్న ఇంట్లో కూడా పుల్‌స్టాపు పెట్టి మాట్లాడతారు. నన్ను ఏమైనా అడిగితే జవాబు కూడా ఆయనే చెప్పేస్తారు. అందుకని నేను వినడం నేర్చుకున్నాను." ఆ చివరి ముక్క కింద పెన్సిల్ గీత. "నీదే." మనసు చివుక్కుమంది నాకు. నొప్పేసిందమ్మా, నిజం చెప్తున్నాను. దానికి అక్షరాభ్యాసం చేయించినవాణ్ణి, పలక పట్టుకుని చెయ్యి పట్టి దిద్దించినవాణ్ణి. పిల్ల వచ్చి "చదివారా నాన్నా?" అనలేదు, నేను "చదివానమ్మా" అనలేదు. పుస్తకం ఎక్కడుందో అక్కడే పెట్టేశాను.

ఆ ఆదివారం తలుపేసుకుని ఆకాశరామన్న ఉత్తరం రాశాను.

అవును, నేనే. కళ్ళు పెద్దవి చెయ్యకు, ఇదంతా నవ్వుకోడానికే, అందరికీ చెప్తూనే ఉంటాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నాననుకున్నావ్! దస్తూరి తెలియకూడదని ఎడంచేత్తో రాశాను. ఒక పేజీ రాసేసరికి భుజం పట్టేసింది. కార్బన్ కాగితం కూడా పెట్టాను, ఒక ప్రతి హెడ్మాస్టరుకి, ఇంకోటి కమిటీ ప్రెసిడెంటుకి. ఒక విద్యార్థి తండ్రి రాసినట్టు. ఈ ఉపాధ్యాయురాలు పిల్లల చేత ఇంటి గుట్టు రాయిస్తోంది, మార్కులు వెయ్యదు, పరీక్షలో వీళ్ళు ఏం రాస్తారు, బడి పేరు మంటగలుస్తుంది అని. రాస్తూ రాస్తూ నాకే ముచ్చటేసింది. రెండోసారి చదువుకుని ఒక విశేషణం కూడా పెంచాను. అక్షరాలు మాత్రం పురుగులు పాకినట్టున్నాయి, పట్టుకునేవాడెవడూ లేడనుకున్నాను. పోస్టులో పడేసి మా ఆవిడతో కబుర్లు చెప్పుకుంటూ వచ్చాను.

హెడ్మాస్టరు నెమ్మదస్తుడు. తన ప్రతి ఆవిడకే ఇచ్చి, "చూడమ్మా, సమాధానం రాసివ్వు" అన్నాడట. రెండు రోజుల తర్వాత స్టాఫ్‌రూమ్‌లో నా చోట ఒక కాంపోజిషన్ పుస్తకం ఉంది. ఎవరిదా అని తెరిస్తే లోపల నా ఉత్తరం. దిద్ది ఉంది! పిల్లల పుస్తకం దిద్దినట్టే, పెన్సిల్‌తో. మొదటి వాక్యం ఏంటో చెప్పుకో. "మానవుడు సంఘజీవి." అవునే! ఆకాశరామన్న ఉత్తరం కూడా అలాగే మొదలెట్టాను, ఎడంచేతికి కూడా బట్టీ వచ్చేసింది మరి. దాని పక్కన "ఇంకా?" పేరా పేరాకీ "ఇంకా?" చివర్న "అనడంలో ఎంతమాత్రం అతిశయోక్తి లేదు" అని ముగించాను, అక్కడా "ఇంకా?" మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యం కింద గీత గీసి ఉంది. రాసేటప్పుడు నేను గమనించనే లేదు, తండ్రి వేషం మర్చిపోయి రాసేశాను. "ఈవిడ వచ్చాక పిల్లలు నా దగ్గరికి రావడం మానేశారు." దాని పక్కన "మీదే" అని రాసింది. చూడు, నీదే అనలేదు. మర్యాద తప్పలేదు.

నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, "ఇదేంటి, ఎవరిదిది, నా చోట ఎందుకు పెట్టారు?" అని గట్టిగా అరిచాను. లెక్కల సారు, డ్రాయింగ్ సారు తలలెత్తి చూశారు. ఆవిడ పెన్సిల్ చెక్కుకుంటోంది. వాళ్ళకి వినపడకుండా మెల్లగా అంది, "మాస్టారూ, విద్యార్థి అన్న మాటలో పొట్టలో చుక్కున్న థ పెట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే ఉన్నారు. మీరొకరు, నేనొకర్తిని. నేను రాయలేదు." ఆఁ, నవ్వు నవ్వు, నేను కూడా నవ్వుతాను ఇక్కడికొచ్చేసరికి. ఎడంచేతికి దస్తూరి మార్చడం నేర్పాను గాని తప్పు రాయడం నేర్పలేకపోయాను. పెళ్ళిళ్ళలో, బడి వార్షికోత్సవాల్లో ఎన్నిసార్లు చెప్పుంటానో ఇది. థ దగ్గరికి రాగానే హాలంతా పగలబడి నవ్వేది. మీ అత్త కూడా నవ్వేది.

తర్వాతా? తర్వాతేముంది, ఏడాది అయిపోయింది, వెళ్ళిపోయింది. పోస్టు లేదన్నారు. వేరే ఊళ్ళో మళ్ళీ ఏదో ఆస్పత్రిలో చేరిందట, అదే ఉత్తరాల పని. అక్కడే పోయిందట. ఆవిడ పోయాక ఏడాదికి గాని నాకు తెలీలేదు, ఆ కళ్ళజోడు పిల్ల బజార్లో కనపడి చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు పత్రికలో పనిచేస్తోంది. నాకు వాక్యం రాయడం నేర్పింది ఆవిడే సార్ అంది, నా మొహం మీదే. నేను "అవునమ్మా" అన్నాను. ఆవిడ ఉండగా ఒక ఉత్తరం రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. "నేను క్షేమం" అని రాసి ఆగిపోయేవాణ్ణి. రాతపనిలో నా ఘనత అది.

ఏమన్నావ్? పోస్టు ఎందుకు లేదన్నారా? ఏదో, కమిటీ వాళ్ళ... ఆ పురుటి సెలవు టీచరు తిరిగి... కాదులే. ఆ టీచరు తిరిగి రాలేదు. పోస్టు ఉంది.

కమిటీ కూర్చుంది. హెడ్మాస్టరు గది. గోడకి గడియారం, బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, ప్రెసిడెంటుగారు మధ్యలో. ఆయనది సిమెంటు వ్యాపారం, చదువు తక్కువ, భాషంటే మాత్రం మహా భక్తి. నేనంటే గౌరవం. ఆవిణ్ణి కూడా పిలిచారు, తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది. ప్రెసిడెంటుగారు తన దగ్గరున్న ప్రతి తీసి నా ముందుకి తోశాడు. "మాస్టారూ, భాష తెలిసినవారు మీరు. ఒక్క సంగతి తేల్చండి. ఇది నిజంగా తండ్రెవరైనా రాసిందా, లేక మనలోనే ఎవరైనా కిట్టక రాసిందా? మనవాళ్ళ పనైతే ఇప్పుడే చించేసి ఆవిడకి ఆర్డరిచ్చేస్తాను. తండ్రులదైతే నేను ఉంచలేను. మీ మాటే మాట." హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయనకి తెలుసనుకుంటాను. ఆవిడకి తెలుసు. లేచి, ఇది ఈయనదే అండీ, ఇదిగో థ అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. నా వైపు చూసింది. కోపంగా కాదమ్మా. కోపంగా చూసినా బాగుండేది, నాకూ కోపమొచ్చేది. క్లాసులో పిల్లల వైపు చూసినట్టు చూసింది, తొందరేం లేదు, ఆలోచించుకునే చెప్పు అన్నట్టు.

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివాను, చదవడం ఎందుకు, నాకు నోటికొచ్చు. గడియారం వినపడుతోంది. మడిచి బల్ల మీద పెట్టి, "ఎవరో బాగా చదువుకున్న తండ్రే సార్. భాష చాలా బాగుంది" అన్నాను.

...

మీ అత్తకి తెలీదు ఇది. ఆ కిటికీ రెక్క వెయ్యమ్మా, జల్లు కొడుతోంది, పుస్తకాలు తడుస్తాయి.